పాట్రిక్ గెడ్డెస్

సర్ పాట్రిక్ గెడ్డెస్ (అక్టోబరు 2, 1854 - ఏప్రిల్ 17, 1932) స్కాట్లాండుకు చెందిన జీవశాస్త్రవేత్త, సామాజిక శాస్త్రవేత్త, నగర ప్రణాళికావేత్త. నగరాన్ని కాలినడకన తిరిగి, ప్రజల జీవనాన్ని పరిశీలించిన పిదపనే ప్రణాళిక గీయాలన్నది ఈయన సిద్ధాంతం.

తొలి జీవితం

గెడ్డెస్ బాలటర్‌లో జన్మించి, పెర్త్ పట్టణంలో పెరిగాడు. లండనులో థామస్ హక్స్‌లీ వద్ద జీవశాస్త్రం అభ్యసించాడు. 1879లో మెక్సికోలో ఉండగా కొంతకాలం చూపు కోల్పోయాడు. దానితో సూక్ష్మదర్శిని పరిశోధనలకు దూరమై, క్రమంగా సమాజ అధ్యయనం వైపు మళ్ళాడు. 1886లో అన్నా మోర్టన్‌ను వివాహమాడాడు. ఈ దంపతులు ఎడిన్‌బరో పాతబస్తీలో పేదల మధ్య కాపురముండి, అక్కడి శిథిల గృహాలను బాగుచేయించారు. 1888 నుండి 1919 వరకు ఈయన డండీలో వృక్షశాస్త్ర ఆచార్యునిగా పనిచేశాడు.

భారతదేశంలో

1914లో మద్రాసు గవర్నరు లార్డ్ పెంట్లాండ్ ఆహ్వానంపై గెడ్డెస్ భారతదేశం వచ్చాడు. ఈయన నగర ప్రదర్శన సామగ్రిని తెస్తున్న ఓడను జర్మను యుద్ధనౌక ఎమ్డెన్ ముంచివేసింది. మిత్రుల సాయంతో కొత్త సామగ్రి సమకూర్చుకొని 1915లో మద్రాసులో ప్రదర్శన ఏర్పాటు చేశాడు.

ఆ కాలంలో పట్టణాల ఇరుకు వీధులను రోగాలకు నిలయాలుగా భావించి, ఇళ్ళను పడగొట్టి తిన్నని వెడల్పు రోడ్లు వేసేవారు. దీనివలన నిరాశ్రయులైన పేదలు మరొకచోట మరింత ఇరుకుగా నివసించవలసి వస్తుందని గెడ్డెస్ వాదించాడు. శిథిలమైన కొద్ది ఇళ్ళను మాత్రమే తొలగించి, ఆ ఖాళీలలో చెట్లు నాటి, పాత సందులను నడకకు అనువుగా ఉంచాలని తంజావూరు వంటి పట్టణాలకు సూచించాడు. ఈ పద్ధతికి ఖర్చు కూడా తక్కువే.

ఇండోర్‌లో ప్లేగు వ్యాపించినపుడు దీపావళికి పెద్ద ఊరేగింపు నిర్వహించాడు. శుభ్రమైన వీధుల గుండానే ఊరేగింపు సాగుతుందని ప్రకటించడంతో ప్రజలే తమ వీధులను శుభ్రపరచుకున్నారు.

1917లో పెద్ద కుమారుడు అలస్డెయిర్ ఫ్రాన్సు యుద్ధరంగంలో మరణించాడు. భారతదేశంలో జబ్బుపడి ఉన్న భార్యకు గెడ్డెస్ ఈ వార్త తెలియనివ్వలేదు. కొద్దికాలానికే ఆమె కూడా మరణించింది. అయినా ఈయన తన పని కొనసాగించాడు.

1919 నుండి 1924 వరకు బొంబాయి విశ్వవిద్యాలయంలో సామాజిక శాస్త్ర ఆచార్యునిగా ఉన్నాడు. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణానికి అనువైన స్థలాలను పరిశీలించి 1923లో నివేదిక సమర్పించాడు.

చివరి దశ, ప్రభావం

1925లో గెడ్డెస్ టెల్ అవీవ్ నగరానికి ప్రణాళిక రూపొందించాడు. అందులో వాహనాల రాకపోకలకు ప్రధాన వీధులు, వాటి నడుమ నివాసాలకు చిన్న వీధులు, తోటలు ఏర్పరచాడు. ఈ ప్రణాళికపై వెలసిన శ్వేతనగరాన్ని 2003లో యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. 1932లో సర్ బిరుదు పొందిన గెడ్డెస్, అదే సంవత్సరం ఫ్రాన్సులోని మోంపెలియేలో మరణించాడు. అమెరికా రచయిత లూయిస్ మమ్‌ఫర్డ్ ఈయన భావాలను తరువాతి తరాలకు అందించాడు.