డిశ్చార్జి అయితే సరిపోతుందా?

మనిషిని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకోగానే హమ్మయ్య అనుకుంటాం. మొక్కుకున్న కొబ్బరికాయ కొట్టేసి ఎవరి పనుల్లో వాళ్లం పడిపోతాం. అసలు కోలుకోవడం అప్పుడే మొదలవుతుందనీ, దానికి వేరే సేవ కావాలనీ నూట అరవై ఏళ్ల కిందటే చెప్పింది ఫ్లారెన్స్ నైటింగేల్. చేతిలో దీపంతో ఆమె బొమ్మ మనందరికీ తెలిసిందే. ఆమె కూడా ఏళ్ల తరబడి మంచం పట్టిన మనిషేనని ఎంతమందికి తెలుసు?

1820 మే 12న ఇటలీలోని ఫ్లారెన్స్‌లో పుట్టింది. ఊరి పేరే ఆమెకూ పెట్టారు. కలిగిన ఇంగ్లీషు కుటుంబం. తండ్రి స్వయంగా చదువు చెప్పాడు. కానీ నర్సునవుతానంటే ఇంట్లో పెద్ద గొడవే! ఆ రోజుల్లో ఆ పనికి గౌరవం లేదు మరి. ఏళ్లపాటు పోరి, 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌లో శిక్షణ పొందింది.

1853లో లండన్ హార్లీ స్ట్రీట్‌లో ఓ చిన్న ఆరోగ్య గృహం బాధ్యత తీసుకుంది, జీతం లేకుండా. పెద్దిళ్లలో పిల్లలకు చదువు చెప్పుకుని బతికే ఆడవాళ్లు జబ్బు పడితే అక్కడ చేరేవారు. అన్ని అంతస్తులకూ గొట్టాల్లో వేణ్ణీళ్లు, భోజనం పైకి పంపే లిఫ్టు, నర్సును పిలిచే గంటలు కావాలంది. నర్సుకి మెట్లెక్కి దిగడంతోనే సరిపోతే ఇక రోగిని చూసేదెప్పుడు? తమ చర్చి వాళ్లనే చేర్చుకోవాలన్న కమిటీని, ఏ మతం వారైనా సరేనని ఒప్పించింది.

1854లో 38 మంది స్త్రీలతో టర్కీలోని స్కుటారి సైనికాసుపత్రికి వెళ్లింది. మురుగు, రద్దీ గాయాలకంటే ఎక్కువమందిని చంపాయని లెక్కలు తీసి తర్వాత చూపించింది. 1855లో క్రిమియాలో తనకే తీవ్రమైన జ్వరం. ఎవరో పంపిన అడవిపూల గుత్తి చూశాక త్వరగా తేరుకున్నానని తర్వాత రాసుకుంది. కానీ ఆ జబ్బు పూర్తిగా వదల్లేదు. 1857 నుంచి చాలా ఏళ్లు గదిలోనే, మంచం మీదే. రాతపని మాత్రం ఆపలేదు.

1859లో రోగుల సేవ మీద పుస్తకం తెచ్చింది. గుమ్మం బయట గుసగుసలు వద్దంది. తినని పళ్లెం పక్కనే వదిలేయొద్దంది. చూడవచ్చినవాళ్ల ఉచిత సలహాలు రోగిని ఎంత అలిసిపోయేలా చేస్తాయో చెప్పింది. 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల స్కూలు మొదలైంది. 1863లో ఆసుపత్రుల మీది తన పుస్తకాన్ని పెంచి రాస్తూ, కోలుకునేవాళ్లని ఆసుపత్రి వార్డులో ఉంచకూడదని వాదించింది. వాళ్లుండే చోటు ఆసుపత్రిలా కాక, చిన్న చిన్న ఇళ్లలా ఉండాలంది.

1910 ఆగస్టు 13న, 90 ఏళ్ల వయసులో కన్నుమూసింది.

ఆపరేషనయి వచ్చిన మా అత్తగారికి వేళకి మందులూ, పథ్యం అన్నీ అమర్చాను. మంచం మాత్రం గోడవైపు వేశాను. ఈమె గురించి చదివాకే దాన్ని కిటికీ వైపు తిప్పాలని తోచింది. మీ ఇంట్లో కోలుకుంటున్నవాళ్లుంటే ఓసారి ఆ మంచం మీద కూర్చోండి. అక్కణ్ణించి ఏం కనిపిస్తోందో చూడండి.