హెన్రీ డిరోజియో

హెన్రీ లూయీ వివియన్ డిరోజియో 1809 ఏప్రిల్ 18వ తేదీన కలకత్తాలో జన్మించెను. పదునాలుగవ యేట చదువు చాలించి గుమాస్తాగా కుదిరి, పిదప భాగల్పురమున బంధువుల నీలిమందు తోటలో పనిచేయుచు కవిత వ్రాసెను. 1826లో హిందూ కళాశాలయందు ఉపాధ్యాయుడాయెను. అప్పటికి పదునేడేండ్ల ప్రాయము; శిష్యులలో పలువురు ఇంచుమించు ఆయన యీడువారే.

ఏ మాటనైనను పెద్దలు చెప్పిరని గాక, విచారించి గ్రహింపవలెనని ఆయన బోధించెను. ఆ బోధ ఫలముగా విద్యార్థులు 1830లో పార్థెనాన్ అను ఆంగ్ల పత్రికను ప్రకటించిరి. స్త్రీలకు విద్య కావలెననియు, న్యాయస్థానములలో వ్యయము తగ్గవలెననియు అందు వ్రాసిరి. కళాశాల పాలకులు ఆగ్రహించి తొలి సంచికతోనే దానిని నిలిపివేయించిరి. రెండవ సంచిక అచ్చయియు పాఠకులను చేరలేదు.

1831 ఏప్రిల్‌లో డిరోజియో కొలువు వదలవలసివచ్చెను. ఐనను కలము వదలక ఈస్ట్ ఇండియన్ అను పత్రికను స్థాపించెను. ఆ సంవత్సరమే డిసెంబరు 26న, ఇరువదిరెండేండ్లకే, విషూచి వాతబడి అస్తమించెను.

పత్రిక యణగెను గాని విత్తనము చెడలేదు. శిష్యులైన ప్యారీచంద్ మిత్రా, రాధానాథ సిక్దార్‌లు 1854లో, స్త్రీలు సైతము చదివి గ్రహింపగల తేట వంగభాషలో మాసిక పత్రికను వెలువరించిరి. కలకత్తా సార్వజనిక గ్రంథాలయమును పెక్కేండ్లు నిర్వహించినవాడును ఈ మిత్రాయే. గురువు రగిల్చిన పఠనాసక్తి అట్లు గ్రంథాలయ రూపమున నిలిచెను.