ఎట్టోరె బుగాట్టి

ఎట్టోరె బుగాట్టి (సెప్టెంబరు 15, 1881 - ఆగష్టు 21, 1947) ఇటలీలో జన్మించి, ఆల్సేస్ ప్రాంతంలో స్థిరపడి పేరు గడించిన సుప్రసిద్ధ మోటారు కార్ల రూపశిల్పి, తయారీదారు. ఈయన రూపొందించిన పందెపు కార్లు 1920వ దశకంలో ఐరోపాలోని ప్రధాన పోటీలలో అనేక విజయాలు సాధించాయి. తేలికదనం, అందం, నాణ్యమైన పనితనం వాటి ప్రత్యేకతలు. అయితే బ్రేకుల విషయంలో మాత్రం బుగాట్టి పాత పద్ధతిని చాలాకాలం విడిచిపెట్టలేదు.

బాల్యము, తొలి ప్రయత్నాలు

బుగాట్టి మిలాన్ నగరంలో కళాకారుల కుటుంబంలో జన్మించాడు. తండ్రి కార్లో బుగాట్టి గృహోపకరణాల రూపకల్పనలో ప్రసిద్ధుడు. తమ్ముడు రెంబ్రాంట్ బుగాట్టి జంతువుల శిల్పాలకు పేరు పొందాడు. ఎట్టోరె మాత్రం యంత్రాల వైపు మొగ్గాడు. 1901లో మిలాన్ ప్రదర్శనలో అతని కారుకు బహుమతి లభించింది. ఆ తరువాత డీ డీట్రిష్, మాథిస్, డాయిట్జ్ సంస్థలకు పనిచేశాడు. 1909లో మోల్‌షీమ్ అనే చిన్న పట్టణంలో సొంత కర్మాగారాన్ని నెలకొల్పాడు. అప్పట్లో ఆ ప్రాంతం జర్మనీ ఏలుబడిలో ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత ఫ్రాన్సులో కలిసింది.

పోటీలలో విజయాలు

1921లో ఇటలీలోని బ్రెషియాలో జరిగిన చిన్న కార్ల పందెంలో మొదటి నాలుగు స్థానాలూ బుగాట్టి కార్లకే దక్కాయి. 1924లో టైప్ 35 అనే కారు లియాన్ గ్రాండ్ ప్రీ పందెంలో తొలిసారి పాల్గొన్నది. 1925 నుండి 1929 వరకు వరుసగా ఐదేళ్ళు సిసిలీ ద్వీపంలోని టార్గా ఫ్లోరియో పోటీని బుగాట్టి కార్లే గెలిచాయి. 1929లో జరిగిన మొట్టమొదటి మొనాకో గ్రాండ్ ప్రీ కూడా వాటికే దక్కింది.

బ్రేకుల కథ

కారు వేగం రెట్టింపయితే దాని గతిశక్తి నాలుగు రెట్లవుతుంది. ఆ శక్తినంతా బ్రేకులు రాపిడి ద్వారా వేడిగా మార్చవలసి ఉంటుంది. అందువలన వేగం పెంచిన ప్రతి రూపకర్తకూ బ్రేకుల సమస్య ఎదురవుతుంది.

టైప్ 35లో బుగాట్టి దీనికి ఒక చక్కని ఉపాయం చేశాడు. చక్రాన్నీ, బ్రేకు డ్రమ్మునూ తేలికైన అల్యూమినియం మిశ్రమంతో కలిపి పోత పోయించాడు. చక్రం విప్పితే డ్రమ్ము కూడా దానితోనే వచ్చేది. కనుక పందెం మధ్యలో టైరు మార్చేటప్పుడే బ్రేకు షూల అరుగుదలను చూసుకొనే వీలు కలిగింది.

పెడల్ నుండి చక్రాలకు బలాన్ని చేరవేయడానికి మాత్రం ఉక్కు తీగలనే (కేబుళ్ళు) వాడాడు. తీగలు వాడగా సాగుతాయి. నాలుగు చక్రాలకూ సమానమైన పట్టు ఉండేలా వాటిని తరచు సరిచేయాలి. లేకపోతే బ్రేకు వేసినప్పుడు కారు ఒక పక్కకు లాగుతుంది. హైడ్రాలిక్ పద్ధతిలో ద్రవపు ఒత్తిడి అన్ని చక్రాలకూ సమానంగా అందుతుంది. అమెరికాకు చెందిన డ్యూసెన్‌బర్గ్ కారు ఈ పద్ధతితోనే 1921 ఫ్రెంచి గ్రాండ్ ప్రీ గెలిచింది. 1922 నాటి టైప్ 30లో బుగాట్టి కూడా ముందు చక్రాలకు హైడ్రాలిక్ బ్రేకులు అమర్చి చూశాడు గాని, తిరిగి తీగల పద్ధతికే వచ్చాడు. ఆనాటి హైడ్రాలిక్ బ్రేకులలో ద్రవం కారిపోవడం పెద్ద లోపం. ద్రవం పోతే బ్రేకులే పోతాయి.

పోటీదారులు ఆ లోపాన్ని సరిదిద్దుకొన్న తరువాత కూడా బుగాట్టి మారలేదు. చివరకు కుమారుడు జీన్ రూపకల్పనలో ముఖ్యపాత్ర వహించిన టైప్ 57 కార్లకు 1938లో హైడ్రాలిక్ బ్రేకులు వచ్చాయి. అంతకు ముందు తయారైన కొన్ని టైప్ 57 కార్లకు కూడా ఆ తరువాత వీటిని అమర్చారు.

చివరి దశ

1920వ దశకం చివరలో తలపెట్టిన రాయల్ అనే అతిపెద్ద కారు ఆర్థికమాంద్యం వలన నష్టం తెచ్చింది. ఆరు కార్లు తయారు కాగా మూడు మాత్రమే కొనుగోలుదారులకు అమ్ముడుపోయాయి. మిగిలిన ఇంజన్లను రైలు కార్లలో వాడి సంస్థ కోలుకొన్నది. 1936లో కార్మికుల సమ్మెతో మనసు నొచ్చుకొన్న బుగాట్టి ఎక్కువ కాలం పారిస్‌లో గడపసాగాడు. కర్మాగారం బాధ్యత జీన్ వహించాడు.

బుగాట్టి తన కుమారుణ్ణి పందేలలో పాల్గొననివ్వలేదు. కాని 1939 ఆగష్టు 11న, ఆ ఏడాది లె మాన్స్ పందెం గెలిచిన కారునే పరీక్షిస్తుండగా, దారికి అడ్డువచ్చిన సైకిలిస్టును తప్పించబోయి చెట్టుకు ఢీకొని జీన్ మరణించాడు. అప్పటికి అతని వయస్సు 30 సంవత్సరాలు. కొద్ది వారాలకే రెండవ ప్రపంచ యుద్ధం మొదలై కర్మాగారం చేజారింది. 1947లో బుగాట్టి పారిస్‌లో మరణించాడు. మోల్‌షీమ్ సమీపంలోని డోర్లిషీమ్‌లో ఇతని సమాధి ఉన్నది.

పాత కార్ల పరిరక్షణ

పాత బుగాట్టి కార్లను నడిపేవారికి బ్రేకుల సమస్య ఇప్పటికీ ఎదురవుతుంది. హైడ్రాలిక్ బ్రేకులు అమర్చితే భద్రత పెరుగుతుంది గాని చారిత్రక స్వరూపం మారుతుంది. అందువలన కొందరు తీగలను అలాగే ఉంచి, సాగినవాటిని మార్చి, షూలకు కొత్త లైనింగు వేయిస్తారు. పాత లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. దాని ధూళి ఊపిరితిత్తులకు హానికరం కనుక డ్రమ్ములను ఊది శుభ్రపరచరాదు.