సితార్‌కు కొత్త తీరాలు చూపిన ఆనంద శంకర్

1970లో అమెరికాకు చెందిన రిప్రైజ్ సంస్థ విడుదల చేసిన ఒక ఆల్బమ్‌లో భారతీయ సితార్ నాదం, అప్పటికి ఇంకా కొత్తదైన మోగ్ సింథసైజర్ ధ్వనితో జతకట్టింది. దానిని రూపొందించిన కళాకారుడి వయసు 27 సంవత్సరాలు. పేరు ఆనంద శంకర్. సితార్‌ను ఎలక్ట్రానిక్, రాక్, జాజ్ ధోరణులతో మేళవించిన ఆయన సంగీతాన్ని పాశ్చాత్య యువతరం తనదిగా స్వీకరించడానికి మరో పాతికేళ్లు పట్టింది. అప్పటికి ఆయన జీవితంలో మిగిలినవి కొద్ది సంవత్సరాలే.

ఆనంద శంకర్ 1942 డిసెంబర్ 11న కుమావూ కొండల్లోని అల్మోరాలో జన్మించారు. ఆధునిక భారతీయ నృత్యానికి ఆద్యుడైన ఉదయ్ శంకర్, నర్తకి అమలా శంకర్ ఆయన తల్లిదండ్రులు. ప్రఖ్యాత సితార్ విద్వాంసుడు పండిట్ రవిశంకర్ స్వయానా పినతండ్రి. ఏ ఒక్క శాస్త్రీయ నృత్య సంప్రదాయానికీ కట్టుబడకుండా, భారతీయ అభినయాన్ని పాశ్చాత్య రంగస్థల పద్ధతులతో కలిపి తనదైన శైలిని నిర్మించుకున్న కళాకారుడు ఉదయ్ శంకర్. కొత్త దారి తొక్కే ఆ స్వభావమే కుమారుడికి వారసత్వంగా లభించింది.

గ్వాలియర్‌లోని సింధియా పాఠశాలలో చదువుకున్న ఆనంద శంకర్ సితార్ సాధన కోసం పినతండ్రిని ఆశ్రయించలేదు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో డాక్టర్ లాల్‌మణి మిశ్రా వద్ద శిష్యరికం చేశారు. విచిత్ర వీణలోనూ నిష్ణాతుడైన మిశ్రా, అంతకుముందు ఉదయ్ శంకర్ నృత్య బృందానికి సంగీతం సమకూర్చినవారు. సితార్ అనగానే ప్రపంచానికి రవిశంకర్ పేరే స్ఫురించే రోజుల్లో, అదే ఇంటి పేరు గల యువకుడికి తన గుర్తింపు తాను సంపాదించుకోవడం చిన్న పరీక్ష కాదు.

1960వ దశకం చివరలో ఆయన లాస్ ఏంజెలిస్ చేరుకున్నారు. బీటిల్స్ బృంద సభ్యుడు జార్జ్ హారిసన్ 1965లో ఒక పాటలో సితార్ వాయించిన నాటినుంచి పాశ్చాత్య యువతకు ఆ వాద్యంపై మోజు పెరిగింది. రాక్ ఉత్సవాల వాతావరణంలో భారతీయ సంగీతం పలచబడుతోందన్న ఆవేదన రవిశంకర్‌కు ఉండేది. ఆ విభేదాల నడుమే ఆనంద శంకర్ రాక్ సంగీతం వైపు అడుగు వేశారు. గిటార్ దిగ్గజం జిమి హెండ్రిక్స్‌తో కలిసి వాయించారు. అనంతరం రిప్రైజ్ సంస్థతో ఒప్పందం కుదిరింది.

ఆ తొలి ఆల్బమ్‌లో రోలింగ్ స్టోన్స్, డోర్స్ బృందాల ప్రసిద్ధ గీతాలకు సితార్ రూపాలున్నాయి. అయితే ఆయన అన్వేషణ లోతు తెలిసేది 13 నిమిషాలకు పైగా సాగే ‘సాగర్’ రచనలోనే. మీటిన సితార్ తీగ నాదం క్రమంగా సన్నగిల్లుతుంది. సింథసైజర్ స్వరమో మీటపై వేలు ఉన్నంతసేపూ నిలిచి ఉండగలదు. తరిగిపోయే నాదం, నిలిచి ఉండే నాదం ఒకదానికొకటి తోడైనప్పుడు శ్రోత ముందు ఒక విశాలమైన శబ్దావరణం ఏర్పడుతుంది. రాక్ పాటకు అలంకారంగా మిగిలిపోతున్న సితార్‌కు ఇక్కడ ప్రధాన స్థానం దక్కింది.

స్వదేశానికి తిరిగివచ్చిన ఆనంద శంకర్ కలకత్తాను తన కార్యక్షేత్రంగా చేసుకున్నారు. భార్య, నర్తకి తనుశ్రీ శంకర్‌తో కలిసి సంగీత నృత్య ప్రదర్శనలు రూపొందించారు. మృణాల్ సేన్ దర్శకత్వంలో 1974లో వచ్చిన ‘కోరస్’ చిత్రానికి ఉత్తమ సంగీత దర్శకుడిగా జాతీయ పురస్కారం అందుకున్నారు. 1975లో వెలువడిన ‘ఆనంద శంకర్ అండ్ హిజ్ మ్యూజిక్’ ఆల్బమ్‌లో సితార్, మృదంగ, తబలా ధ్వనులు ఎలక్ట్రిక్ గిటార్, డ్రమ్స్, సింథసైజర్‌తో కలిసి నడిచాయి. 1981 నాటి ‘స-రే-గ మచాన్’లో అడవిని, వన్యప్రాణులను ఇతివృత్తంగా తీసుకున్నారు.

1990వ దశకంలో పరిస్థితి అనూహ్యంగా మారింది. పాత రికార్డుల కోసం గాలించే బ్రిటన్ డీజేలకు 1975 నాటి ఆల్బమ్ దొరికింది. అందులోని ‘డాన్సింగ్ డ్రమ్స్’, ‘స్ట్రీట్స్ ఆఫ్ కలకత్తా’ అక్కడి నృత్యశాలల్లో మారుమోగాయి. 1996లో బ్లూ నోట్ సంస్థ ‘బ్లూ జ్యూస్’ సంకలనంలో వాటికి చోటు కల్పించింది. దక్షిణాసియా మూలాలున్న బ్రిటన్ యువ సంగీతకారులు ఆయనలో తమ పూర్వీకుణ్ణి చూసుకున్నారు. వారిలో ఒకరైన సామ్ జమాన్, ‘స్టేట్ ఆఫ్ బెంగాల్’ పేరుతో ఆయనకు తోడయ్యారు. 1998లో ఇద్దరూ కలిసి బ్రిటన్‌లో ప్రదర్శనలిచ్చారు.

ఆ కలయిక ఎక్కువ కాలం సాగలేదు. 1999 మార్చి 26న, 56 ఏళ్ల వయసులో, ఆనంద శంకర్ గుండె సంబంధిత సమస్యతో కన్నుమూశారు. సామ్ జమాన్‌తో కలిసి చేసిన ‘వాకింగ్ ఆన్’ ఆల్బమ్ ఆయన మరణానంతరం విడుదలైంది. సంప్రదాయవాదులకు ఆయన మరీ ఆధునికుడిగా, పాశ్చాత్య రాక్ శ్రోతలకు మరీ భారతీయుడిగా కనిపించి ఉండవచ్చు. కానీ రెండు వైపులా పూర్తిగా ఒదగని ఆ సంగీతమే, ఆ రెండు లోకాల మధ్య పెరిగిన తరానికి సొంత గొంతుగా వినిపించింది.