సర్ హెన్రీ హేవలాక్ – ప్రార్థనాపరుడైన సేనాని

రాజమండ్రి దగ్గర పాత హేవలాక్ వంతెన మీదుగా గోదావరి దాటి స్వగ్రామాలకు వెళ్లివచ్చిన పెద్దలు మన సంఘాలలో అనేకులున్నారు. 1997లో రైళ్లు ఆగిపోయిన ఆ వంతెనకు మద్రాసు గవర్నరు ఆర్థర్ హేవలాక్ పేరు పెట్టారు. ఆయన పినతండ్రి సర్ హెన్రీ హేవలాక్ బాప్తిస్టు విశ్వాసి అని మనలో కొద్దిమందికే తెలుసు.

హెన్రీ 1795లో ఇంగ్లండులోని సండర్లాండు దగ్గర జన్మించాడు. 1815లో సైన్యంలో చేరాడు. 1823లో ఇండియాకు వచ్చే ఓడలో తోటి అధికారి సహవాసం వలన మారుమనస్సు పొందాడు. 1824లో బర్మా యుద్ధం మొదలైనప్పుడు రంగూనులో ష్వేడగాన్ పగోడా ఆవరణలోనే సైనికులను కూర్చి ప్రార్థనలు జరిపాడు. ఒకనాడు శత్రువు వచ్చిపడగా, పంపవలసిన దళం మత్తులో ఉన్నందున, సేనాధిపతి క్యాంబెల్ హేవలాక్ మనుషులనే పిలిపించాడని చెబుతారు. ఆ దండయాత్రల చరిత్రను ఆయన వ్రాయగా 1828లో సెరాంపూరులో అచ్చయింది.

1829లో కేరీ గారి సహకారి జాషువా మార్ష్‌మన్ గారి కుమార్తె హన్నాను వివాహమాడాడు. 1830లో సెరాంపూరులో బాప్తిస్మము పొందాడు. ఆ రోజులలో సైన్యంలో పదవులు డబ్బిచ్చి కొనుక్కోవాలి. డబ్బులేని హేవలాక్ 1838 వరకు కెప్టెన్ కాలేదు. అయినా ప్రార్థన కూటములు మానలేదు.

1857 జూలైలో అలహాబాదు నుండి బయలుదేరి కాన్పూరును పట్టుకున్నాడు. అప్పటికే అక్కడ బందీలైన ఆంగ్ల స్త్రీలు, పిల్లలు వధింపబడ్డారు. అయితే ఆయనకు ముందుగా ఆ దారిన నడిచిన ఆంగ్ల దళం ఊళ్లు తగలబెట్టి, విచారణ లేకుండా మనుషులను చెట్లకు ఉరితీసింది. ఆ దళమే తరువాత ఆయన సైన్యంలో కలిసింది. కాన్పూరులో తన సైనికుల దోపిడీని మాత్రం ఆయన కఠినంగా అణచాడు. సెప్టెంబరు 25న లక్నో చేరి, నవంబరు 24న రక్తవిరేచనాలతో మరణించాడు. ఆయన సమాధి ఆలంబాగులో ఉంది.

ఇంగ్లండు ఆయనను క్రైస్తవ వీరుడని కొనియాడి లండనులో విగ్రహం నిలిపింది. మన దేశం 2018లో అండమానులోని హేవలాక్ ద్వీపానికి స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చింది. అది న్యాయమేనని మేము తలుస్తున్నాము. పదవి రాకున్నా ప్రార్థన విడువని ఆయన పట్టుదలను మన యౌవనస్థులు నేర్చుకోవాలి. ఆ దారి వెంట చెట్లకు వ్రేలాడినవారిని కూడా మనం మరువకూడదు. ప్రార్థించే చేయి పట్టుకున్నంత మాత్రాన ఖడ్గం పరిశుద్ధం కాదు.