కావలి వేంకట బొఱ్ఱయ్యగారు

వంశచరిత్రములను శోధింపఁగోరు ఆంధ్రులకు మార్గదర్శకులు కావలి వేంకట బొఱ్ఱయ్యగారు. వీరు 1776లో ఏలూరున జన్మించిరి. కాలిన్ మెకంజీదొర కొలువునఁ జేరి, మైసూరు భూమాపన కాలమున ఊరూరఁ దిరిగి, కరణములను, పూజారులను, వృద్ధులను ఆదరముతో విచారించి స్థలచరిత్రములను, వంశావళులను సేకరించిరి. హళగన్నడ శాసనలిపిని జదువు మార్గమును గనుఁగొనిరి. 1803లో పిన్నవయసుననే దివంగతులైరి. సోదరులు లక్ష్మయ్యగారు ఆ కృషిని సాగించిరి. దొరగారు 1821లో మరణించిరి. అట్లు కూడిన కైఫియతులు పెక్కు చెన్నపురి ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమున నేఁటికిని గలవు.

వంశావళి వ్రాయఁబూను మన బంధువులు ముందుగా ఇంటి పెద్దల నడిగి ఇంటిపేరు, గోత్రము, పూర్వుల గ్రామము వ్రాసికొని, పిమ్మట ఆ గ్రామ కైఫియతును జూడవలయును. అందున్నదంతయు సత్యమని మేమనము. చెప్పినవాని స్వాభిమానమును అందుఁ జేరియుండును. కావుననే శాసనసాక్ష్యము లేనిదే రాజవంశీకులమని చెప్పుకొనరాదు. పొలము దున్నిన ముత్తాత పేరు నిజముగాఁ దెలియుట, లేని మహారాజును గల్పించుకొనుటకంటె గౌరవము. అటుకలపైనున్న తాళపత్రములు, పాత దస్తావేజులు చెదలపాలు గాకమున్నే వాని కొక్కొక్క ప్రతి వ్రాయించి యుంచుఁడని సంఘీయులను, పోషకులను ప్రార్థించుచున్నాము.