రాబర్ట్ కోచ్

రాబర్ట్ కోచ్ (డిసెంబర్ 11, 1843 - మే 27, 1910) సుప్రసిద్ధ జర్మన్ వైద్యుడు, సూక్ష్మజీవ శాస్త్రవేత్త. క్షయ వ్యాధిపై చేసిన పరిశోధనలకు గాను ఈయనకు 1905లో నోబెల్ బహుమతి లభించింది.

జీవిత విశేషాలు

కోచ్ హానోవర్ రాజ్యంలోని క్లాస్టాల్ పట్టణంలో జన్మించాడు. గోట్టింగెన్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య అభ్యసించి 1866లో పట్టా పొందాడు. 1876లో ఆంత్రాక్స్ క్రిమి జీవితచక్రాన్ని వివరించాడు. 1882లో క్షయ క్రిమిని కనుగొన్నట్లు ప్రకటించాడు. 1884లో కలకత్తాలో కలరా క్రిమిని వేరుచేశాడు.

మలేరియా పరిశోధనలు

1899-1900లో జావా, న్యూగినియా దీవులలో పల్లెప్రజల రక్తాన్ని సూక్ష్మదర్శినితో పరీక్షించాడు. పసిపిల్లలలో మలేరియా పరాన్నజీవులు విస్తారంగా ఉన్నాయి. వయసు పెరిగేకొద్దీ అవి తగ్గి, పెద్దవారిలో చాలా అరుదుగా కనిపించాయి. అయితే మలేరియా లేని ప్రాంతాలనుండి కొత్తగా వచ్చినవారు పెద్దవారైనా జబ్బుపడేవారు. కనుక ఈ రక్షణ కేవలం వయసు వల్ల వచ్చినది కాదనీ, ఏళ్ళ తరబడి పదేపదే వ్యాధి సోకడం వల్ల ఏర్పడిన రోగనిరోధక శక్తి అనీ కోచ్ నిర్ధారించాడు.

1961లో గాంబియాలో పెద్దవారి రక్తంనుండి తీసిన ప్రతిరక్షకాలను జబ్బుపడిన పిల్లలకు ఇవ్వగా పరాన్నజీవులు బాగా తగ్గాయి. దీనితో ఈ రక్షణలో ప్రతిరక్షకాల పాత్ర రుజువైంది. అయితే ఇది సంపూర్ణమైన రక్షణ కాదు. ఆ ప్రాంతాన్ని విడిచిపోతే క్రమంగా సన్నగిల్లుతుంది. ఇది ఏర్పడేలోపే ఆఫ్రికాలో ఎందరో ఐదేళ్ళలోపు పిల్లలు మలేరియాతో మరణిస్తున్నారు.

మరణం

కోచ్ 1910 మే 27న జర్మనీలోని బాడెన్-బాడెన్‌లో మరణించాడు. క్షయ క్రిమిని ప్రకటించిన మార్చి 24ను ప్రపంచ క్షయ దినోత్సవంగా పాటిస్తున్నారు.